ఏడుమెట్ల బాయి పంచాయితి

కరీంనగర్ బస్‌స్టాండుల ఎంక్వైరీ కిటికీ ఎనుక కూసుండే తిమోతి, అంతకు ముందుగాల ఇరవై ఆరేండ్లు కండక్టరుగ చేసిండు. ఇటు ధర్మపురి, అటు ఆదిలాబాద్, నడుమ ఎన్ని పల్లెలుంటే అన్ని పల్లెల పేర్లు ఆయనకు నోటికి వచ్చు. బోర్డు మీద రాసిన పేరొకటి, ఎక్కినోళ్లు అడిగే పేరొకటి అయినా తడబడేటోడు కాదు. యాభై నాలుగో ఏట మోకాళ్లు అరిగినయి. నిలబడే కొలువు వద్దని డాక్టరు చెప్పిండు. అప్పటిసంది ఆయనకు ఒక కుర్చీ, ముంగట ఒక మైకు.

బండి మీద ఉన్నన్నాళ్లు తిమోతికి ఒక పేరుండె. ఆయన ఎక్కిన బస్సుల సీటు లొల్లి ఎక్కువసేపు నడువదని. ఒకలు కిటికీల నుంచి దస్తీ ఏసి సీటు నాదంటరు. ఇంకొకలు ముందుగాల ఎక్కి కూసున్న గనుక నాదంటరు. తిమోతి ఇద్దరి మాట ఇంటడు, ఒకల సంచి అందుకొని తన కాళ్ల కాడ పెట్టుకుంటడు, ఇంకొకలను జర సర్దుకొమ్మని ముగ్గురిని కూసోబెడతడు, సీటీ ఊదుతడు. "ఎవలది నిజమో తేల్చుకుంట కూసుంటే బండి చొప్పదండి దాటది" అనేటోడు.

గసువంటి మనిషి మొన్నటి వానకాలం ఒక పంచాయితిల పడ్డడు. నిజం ఎవలదో తెల్వక, న్యాయం ఏదో తెల్వక, ఆఖరికి పంచాయితి తెగుడు మంచిదో తెగకపోవుడు మంచిదో కూడ తెల్వక పరేషాన్ అయిండు. అది బస్సుల జరిగిన పంచాయితి కాదు. ఫోన్ల జరిగింది.

ఎనిమిదేండ్ల కింద బిడ్డ ఆరాధన తన ఫోన్ల ఏదో చదువుకుంట, "బాపూ, గీ ఊరికి బస్సు సౌకర్యం లేదట" అన్నది. నెట్ల తెలుగు విజ్ఞాన సర్వస్వం అని ఒకటుంటది. లోకంల ఉన్న సంగతులన్ని అండ్ల పేజీలు పేజీలుగ ఉంటయి. తిమోతికి కోపమొచ్చింది. "పదేండ్లు పొద్దుమాపు రెండు ట్రిప్పులు తిరిగిన గా ఊరికి. లేదని ఎవడు రాసిండు?"

"తప్పుంటే నువ్వే దిద్దు. ఎవలైనా దిద్దచ్చు. రాసేటోళ్లందరు నీ అసువంటోళ్లే, జీతం ఉండది."

"దిద్దితే కేసు గీసు పెడ్తరేమో" అని రెండు దినాలు జంకిండు. మూడో దినం దిద్దిండు. అటెనుక ఆగలే. పల్లె ఎనుక పల్లె, నాలుగు వందల పేజీలకు చెయ్యి పెట్టిండు. చెరువు ఏ దిక్కున్నది, అంగడి ఏ వారం, బడి ఎప్పుడు పెట్టిండ్రు, అన్ని మూలం చూపిచ్చి రాసుడు నేర్చుకున్నడు. మూలం అంటె అచ్చయిన పుస్తకమో పేపరో. "మా అవ్వ చెప్పింది" అంటే అక్కడ నడువది. ఆయన నిదానం చూసి తక్కిన రాతగాళ్లు ఓట్లేసి ఆయనను నిర్వాహకుణ్ణి చేసిండ్రు. నిర్వాహకుడంటే లొల్లి అయినప్పుడు పేజీకి తాళం ఏసే అధికారం ఉన్నోడు. ప్రమోషన్ వచ్చిందని భార్య మగ్దలేనమ్మ చర్చిల అందరికి చెప్పుకున్నది. జీతం లేని ప్రమోషనని తెలిసినంక మల్ల ఆ ముచ్చట ఎత్తలే.

లొల్లి ఏడుమెట్లపల్లె పేజీ మీద మొదలైంది. చొప్పదండి దాటినంక లోపటికి ఉంటది ఆ ఊరు. ఊరి పేరు అక్కడి మెట్లబాయి మీద వచ్చింది. బాయి ఎవలు తవ్విపిచ్చిండ్రు అన్నదే తగాదా.

రామకిషన్‌రావు అనే పేరుతోటి ఒకాయన గిట్ల రాసిండు: "ప్రజల దాహార్తిని చూడలేక గ్రామ దేశ్‌ముఖ్ శ్రీ రాఘవరావు గారు ఈ బావిని త్రవ్వించిరి." మూలం, యాభై అరవై ఏండ్ల కింద అచ్చేసిన వాళ్ల వంశ చరిత్ర. బాయి కాడ ఉన్న శిలాఫలకం మీద కూడ ఆ పేరున్నదని రాసిండు. రెండు గంటల్లనే గోదారిగట్టు అనే మారుపేరుతోటి ఇంకొకలు దాన్ని కొట్టేసి, "కరువు కాలంలో మెథడిస్టు మిషన్ వారు పనిచేసినవారికి ధాన్యం ఇచ్చి ఈ బావిని తవ్వించారు" అని రాసిండ్రు. మూలం, మిషన్ సంఘపోళ్లు వెనుకట అచ్చేసిన నూరేండ్ల సంచిక. రావు గారు మల్ల తన మాట పెట్టిండు. గోదారిగట్టు మల్ల తీసేసిండ్రు. ఒక్క దినం పదకొండు సార్లు ఆ రెండు వాక్యాలు వచ్చుడు పోవుడు.

తిమోతి, పంచాయితి తెగేదాంక అని పేజీకి తాళమేసిండు. "అయ్యలారా, ఇద్దరూ దయచేసి చర్చా పేజీలో మాట్లాడుకోండి" అని రాసిండు. ప్రతి పేజీకి ఎనుక ఒక చర్చా పేజీ ఉంటది. రాతగాళ్లు తగువు అక్కడ పడాలె, పేజీ మీద కాదు.

మధ్యాహ్నం బండ్లు తక్కువున్న యాళ్ల ఫోన్ తీసి చూసేసరికి రెండు జవాబులు వచ్చి ఉన్నయి. రామకిషన్‌రావు రాసింది: "నిర్వాహకుల వారి నామధేయము చూచినంతనే వారు ఏ పక్షమునకు మొగ్గుదురో విదితమగుచున్నది." గోదారిగట్టు రాసింది: "దొరల పేరు కనబడగానే నిర్వాహకులు జంకినట్టున్నారు. తాళం వేసే ముందు ఏ వాక్యం నిలిచి ఉందో చూడండి."

తిమోతి చూసిండు. నిలిచి ఉన్నది రావు గారి వాక్యమే. తాళం ఏసినప్పుడు ఏది పైనున్నదో తను చూడనే లేదు. జంకిండా? ఏమో, లోపట ఎక్కడన్న జంకు ఉన్నదేమో. తాత తరంల దొర పేరు చెప్తే తలగుడ్డ తీసేటోళ్లట. మరి మొగ్గిండా? ఇంట్ల సందుగుల ఆ మిషన్ సంచిక ఇంకా ఉన్నది, అండ్ల మగ్దలేనమ్మ తాత ఫోటో ఉన్నది. ఒక్క మనిషి ఒక్క తాళానికే జంకినోడు, మొగ్గినోడు రెండూ ఎట్లయితడో ఆయనకు అర్థం కాలే.

ఆ మాపు సందుగుల సంచికను, లైబ్రరీకెల్లి తెచ్చిన వంశ చరిత్రను ముంగటేసుకొని కూసున్నడు. వంశ చరిత్రల బాయి తవ్విన ఏడాది లేదు. మిషన్ సంచికల ఏడాది ఉన్నది గానీ, ముప్పై ఒకటో పేజీల "తవ్వించారు" అని, నలభై నాలుగో పేజీల "పూడిక తీయించారు" అని ఉన్నది. ఒక్క పుస్తకమే రెండు తీర్ల చెప్పవట్టె.

"ఓ ఆరాధన బాపూ, అన్నం సల్లారుతుంది" అన్నది మగ్దలేనమ్మ.

"నీకేమనిపిస్తది? బాయి మిషనోళ్లు తవ్విపిచ్చిండ్రా, దొర తవ్విపిచ్చిండా?"

"తవ్విపిచ్చినోళ్ల సంగతి నాకేం ఎరుక. తవ్వినోళ్లను అడుగు."

ఆమె ఊరికెనే అన్నది. తిమోతి మాత్రం ఆ మాట పట్టుకొని తన వారపు సెలవు దినం చొప్పదండి బండి ఎక్కిండు. ఏడుమెట్లపల్లె ఆయనకు కొత్త కాదు. అవ్వ వాళ్ల అవ్వ, అంటే అమ్మమ్మ శంకరవ్వది ఆ ఊరే. బాప్తిస్మం తీసుకున్నంక ఆమెకు సంఘంల వేరే పేరున్నా, సచ్చేదాంక ఊరు ఆమెను శంకరవ్వ అనే పిలిచింది. తను పదేండ్ల పోరగానిగ ఉన్నప్పుడు ఆమె పోయింది. ఆ తర్వాత ఊర్లకు బస్సు తోటి పోయిండు తప్ప బస్సు దిగి నడువలే.

బాయి చుట్టు తుమ్మలు మొలిచి ఉన్నయి. శిలాఫలకం ఉన్నది నిజమే. సగం సిమెంటు కిందికి పోయింది. కనబడే సగంల "రావు" అన్న రెండక్షరాలు, కింద ఏదో అంకె. ఏ రావో, అంకె ఎనిమిదో సున్ననో తెలుస్తలే. ఫోటో తీస్తుంటే, గట్టు మీద మేకలను మేపుకుంటున్న ముసలామె దగ్గరికి వచ్చింది. పేరు భూమవ్వ అని చెప్పింది.

"ఏం కొడుకా, బాయి కొంటవా?"

"కొననవ్వా. గీ రాయి మీద ఏం రాసి ఉన్నదో చూస్తున్న."

"గా రాయి బాయిది కాదు. దొర గడి కాడ పశువుల కొట్టం కూలితే అండ్లకెల్లి తెచ్చి గీడ పాతిండ్రు. నా పెండ్లయిన ఏడు. గట్టు జారుతుంటే ఏ రాయి దొరికితే గా రాయి." ఆమె కట్టె మీద ఆనుకొని ఆయన మొకం పరికిచ్చి చూసింది. "నువ్వెవలి పిల్లగానివి?"

"శంకరవ్వ మనుమణ్ణి. బిడ్డ కొడుకును."

భూమవ్వ మొకం మారింది. "మరి నన్నడుగుతవేంది? మీ అవ్వ చెప్పలేదా? బాయి తవ్వింది మనోళ్లే కదా. మీ అవ్వ తాతలు, మా తాతలు. దొర తవ్వుమన్నడంటరు, మిషనోళ్లు గింజలు పెట్టిండ్రంటరు, రెండు నిజమేనేమో, ముందొకరు ఎనుకొకరు. నాకు తెలిసింది ఒకటే. తవ్విందాంక మనోళ్లు మెట్లు దిగిండ్రు, ఎక్కిండ్రు. నీళ్లు పడ్డంక దిగద్దన్నరు. కడవ పట్టుకొని గట్టు మీద నిలబడేది. ఎవలన్న పుణ్యాత్ములు చేది పోస్తే పోసినట్టు."

తిమోతికి అప్పుడు యాదికొచ్చింది. శంకరవ్వ ఈ ముచ్చట చెప్పింది. ఒక్కసారి కాదు, మస్తు సార్లు. తను ఇన్నడు, మరిచిండు. ఇరవై ఆరేండ్లు ఈ ఊరి పేరు మీద టికెట్లు చింపిండు, ఒక్క దినం కూడ మతికి రాలే. ఎందుకు రాలేదో ఆయనకు తెల్వది.

తిరుగు బస్సుల కిటికీ పక్కన కూసోని ఆలోచన చేసిండు. రాయి బాయిది కాదు. అది రాయచ్చునా? భూమవ్వ చెప్పింది అంటే మూలం కాదు. మనోళ్లు తవ్విండ్రు అని రాయచ్చునా? శంకరవ్వ చెప్పింది అంటే మూలం కాదు. తను ఎనిమిదేండ్లుగ ఎంతమంది రాతలను "మూలం లేదు" అని కొట్టేసిండు! వాళ్లల్ల ఎందరికి ఇట్లనే అవ్వలు ఉండిరో.

సోమవారం ఆ నెట్లనే రెండు పక్షాలకు ఉత్తరం రాసిండు, మీ మీ పుస్తకాల పేజీలు తక్కిన రాతగాళ్లు చూసేతందుకు ఫోటో తీసి పంపుండ్రి అని. రామకిషన్‌రావు ఆ దినమే పంపిండు, ప్రతి పేజీ మీద సంతకం పెట్టి. గోదారిగట్టు పంపలే. బుధవారం పగటీలి పన్నెండున్నరకు ఒక నలభై ఏండ్ల ఆడామె ఎంక్వైరీ కిటికీ కాడికి వచ్చింది. చేతిల గొడుగు, భుజానికి సంచి, కళ్లద్దాలు.

"తిమోతి గారంటే మీరేనా?"

"నేనే మేడం. ఎక్కడికి పోవాలె?"

"ఎక్కడికి పోను. నెట్ల మీ పరిచయం పేజీ చూసి వచ్చిన, మీరు అడిగిన పేజీల జిరాక్సులు తెచ్చిన. నేను గోదారిగట్టును."

తిమోతి మైకు బందుచేసిండు. ఇన్ని దినాలు ఆయన గోదారిగట్టు అంటే ధర్మపురి దిక్కు గడ్డపోడు ఎవడో అనుకున్నడు. "నేను రాసిన, నేను చూసిన" అని రాస్తే తెలుగుల ఆడో మగో తెల్వది కదా.

పక్కనున్న తోటి ఉద్యోగికి కిటికీ అప్పజెప్పి, ఆమెను క్యాంటీన్‌కు తోలుకపోయిండు. ఆమె పేరు సృజన. డిగ్రీ కాలేజీల బాటనీ చెప్తది. మిషన్ సంచిక తనతోటి పనిచేసే లిడియా మేడం ఇచ్చిందట. జిరాక్సులు టేబుల్ మీద పెట్టి, చాయ్ వచ్చిందాంక ఆగి, ఆమె మెల్లగ అన్నది.

"అన్నా, మీకొక సంగతి చెప్పాలె. దాచిపెడితే మిమ్ముల మోసం చేసినట్టయితది. రామకిషన్‌రావు సారు మా బాపు."

"ఎవలు?"

"మా బాపు. ఒక్క ఇంట్లనే ఉంటం. ఆయన కింద, నేను మీద. నేనని ఆయనకు తెల్వదు."

తిమోతి చాయ్ గ్లాసు కింద పెట్టిండు. "అంటే... రాఘవరావు దొర మీ..."

"ముత్తాత తండ్రి."

"మరి నువ్వు మిషనోళ్ల దిక్కు ఎందుకు రాస్తున్నవమ్మా?" మేడం పోయి అమ్మా వచ్చింది, ఆయన చూసుకోలే.

సృజన కళ్లద్దాలు తీసి కొంగుతోటి తుడుచుకున్నది. "మా అమ్మ పోయి మూడేండ్లయింది. అమ్మ ఉన్నప్పుడు బాపుకు నాకు నడుమ ఆమే మాటలు మోసేది. ఇప్పుడు మోసేటోళ్లు లేరు. నేను ఏదన్న మొదలుపెడితే బాపు సగంల కోస్తడు. లెక్చరర్‌గ ముప్పై ఏండ్లు చేసిండు కదా, ఎదుటోళ్లు మాట్లాడుతుంటే పిల్లలు జవాబు తప్పు చెప్తున్నట్టు అనిపిస్తదేమో. తినేకాడ కూడ గంతే. గప్పుడు ఒకనాడు బాపు గీ పేజీల రాస్తున్నడని చూసిన. కోపంతోటి కొట్టేసిన. గంటసేపటికి జవాబు రాసిండు, పేజీ నిండా. నేను రాసింది మొదటికెల్లి ఆఖరిదాంక చదివిండన్నా. నా మాట మా బాపు పూర్తిగ ఇన్నది నా బతుకుల గదే మొదటిసారి."

తిమోతి జిరాక్సులను ఒకదాని మీదొకటి సర్దిండు.

"మొదలు గట్ల ఊరికెనే కొట్లాడిన. తర్వాత సంచిక చదివిన, నిజమే అనిపిచ్చింది. ఇప్పుడు నాకే తెలుస్తలే. నిజం కోసం కొట్లాడుతున్ననో, బాపుతోని మాట్లాడతందుకు కొట్లాడుతున్ననో."

"సారుకు చెప్పరాదా?"

"చెప్తే మల్ల సగంల కోస్తడు."

ఆమె పోయినంక తిమోతి మైకుల జగిత్యాల బండిని మంచిర్యాల బండి అని పిలిచిండు. ఇరవై మంది ఉరికి ఎక్కి, మల్ల దిగి, ఆయనను తిట్టిండ్రు.

మారుపేరు ఎనుక మనిషిని బయటపెట్టొద్దన్నది అక్కడి పెద్ద నియమం. కనుక రావు సారుకు చెప్పేది లేదు. సరే. కానీ తనకు తెలిసినంక తను నడుమ మనిషి ఎట్లయితడు? ఒకలు తండ్రి, ఒకలు బిడ్డ, నడుమ కూసున్నోడు ఆ బాయి తవ్వి కూడ దాంట్లకు దిగే హక్కు లేనోళ్ల మనుమడు. సంబంధం లేనోళ్లు తీర్పు చెప్పాలెనంటరు. ఇండ్ల సంబంధం లేనోడు ఎవడు? మల్లొక దిక్కు, తాను పంచాయితి తెంపిండనుకో. ఆ బిడ్డకు ఇగ మాట్లాడే జాగ ఏది? తెంపకపోతే తన కొలువేంది?

ఆదివారం ప్రార్థన అయినంక చర్చి బయట మగ్దలేనమ్మకు పేర్లు చెప్పకుంట, "ఇద్దరు కొట్లాడుతున్నరు, కొట్లాటే వాళ్లకు మాట. ఆపాల్నా వద్దా?" అని అడిగిండు.

"నువ్వు వాళ్ల ముచ్చట పక్కన పెట్టు" అన్నదామె. "నీ కడుపుల ఏదో ఉన్నది. ఊరికి పోయొచ్చిన కాడికెల్లి అన్నం సరిగ తింటలేవు. ముందుగాల అది కక్కు."

ఆ మాట ఆయనకు పనికొచ్చింది. సోమవారం పొద్దున చర్చా పేజీల గిట్ల రాసిండు:

"నాకు ఈ విషయంతో సంబంధం ఉంది. మా అమ్మమ్మ శంకరవ్వది ఏడుమెట్లపల్లె. బావి తవ్వినవారిలో మా పెద్దలు ఉన్నారని, నీళ్లు పడ్డాక వారిని మెట్లు దిగనివ్వలేదని ఆమె చెప్పేది. దీనికి మూలం లేదు కనుక పేజీలో రాయమని అడగను. సంబంధం ఉన్నవాడిగా తీర్పు చెప్పే పని నుంచి తప్పుకుంటున్నాను. ఇది మొదటే చెప్పవలసింది, చెప్పలేదు. క్షమించండి."

రెండు దినాలు ఎవ్వలు ఏం రాయలే. తిమోతి గంటకొకసారి ఫోన్ చూసిండు. తప్పుచేసిన్నా, నా ఇంటి ముచ్చట నలుగురి నడుమ ఎందుకు పెట్టిన అని ఒకసారి అనుకున్నడు. పెట్టుడు కాదు, ఇంత లేటుగ పెట్టుడు తప్పు అని ఇంకోసారి అనుకున్నడు.

మూడో దినం గోదారిగట్టు రాసింది: "రెండు పుస్తకాలనూ మళ్లీ చదివాను. మిషన్ సంచిక ఒకచోట తవ్వించారని, ఒకచోట పూడిక తీయించారని అంటోంది. వంశ చరిత్రలో సంవత్సరం లేదు. రెంటిలోనూ లేనిది ఇంకొకటి ఉంది. నా ప్రతిపాదన ఇది: 'బావిని దేశ్‌ముఖ్ రాఘవరావు తవ్వించినట్టు ఆయన వంశ చరిత్ర, కరువులో మిషన్ వారు తవ్వించినట్టు మిషన్ సంచిక చెబుతున్నాయి. తవ్వినవారి పేర్లు రెండు పుస్తకాల్లోనూ లేవు.'"

తిమోతి ఆ ఆఖరి వాక్యం నాలుగుసార్లు చదివిండు. ఇది నియమానికి ఒప్పుతదా? లేనిదాన్ని లేదని రాసుడు సొంత పరిశోధన కిందికి, అంటే అక్కడ రాయగూడని దాని కిందికి, వస్తదా? ఒకసారి వస్తదనిపిచ్చింది, ఒకసారి రాదనిపిచ్చింది. తాను తప్పుకున్నోడు గనుక అడ్డం పడలే. తప్పుకోకపోయి ఉంటే అడ్డం పడేటోడా అంటే, అదీ ఆయనకు తెల్వది.

రామకిషన్‌రావు జవాబు మరునాడు వచ్చింది. ఎప్పటి తీరు పేజీ నిండా లేదు. "శిలాఫలకమును ప్రమాణముగా చూపుట నాదే పొరపాటు. అది ఎచటినుండి తేబడినదో నా చిన్ననాట విని యుంటిని, మరచితిని. గోదారిగట్టు గారి ప్రతిపాదన సమ్మతమే. చివరి వాక్యమును తొలగింపరాదు."

ఆ మూడు ముక్కలు పేజీ ఎక్కినయి. తాళం తీసిండ్రు. దూరం ఊర్ల తక్కిన నిర్వాహకులు శభాష్ అని రాసిండ్రు. పంచాయితి గింత మంచిగ తెగిందెన్నడు చూడలేదన్నరు. తిమోతికి మాత్రం సంబురం కాలే. మేకలు మేపే భూమవ్వకు ఈ వాక్యం చదివి వినిపిస్తే ఏమంటదో అనుకున్నడు. పేర్లు లేవని రాసుకుంటే పేర్లు వచ్చినట్టా?

పదిహేను దినాలు గోదారిగట్టు జాడ లేదు. తిమోతి సృజనకు ఫోన్ చేసిండు.

"కొట్లాట అయిపాయె కదన్నా" అన్నదామె. "ఇగ ఏం రాయాలె? కింద బాపు ఉన్నడు, మీద నేనున్న. మొన్న ఒక దినం, అన్నం బాగుందన్నడు. నేను థాంక్స్ అన్న. గంతే."

చర్చా పేజీల మాత్రం రావు సారు రెండు సార్లు రాసిండు. ఒకసారి, "గోదారిగట్టు గారు క్షేమమా?" అని. ఇంకోసారి, "ఇతర గ్రామముల పుటలను కూడ మీరు పరిశీలించవలెను" అని. జవాబు లేదు.

ఒక శుక్రవారం పొద్దుగాల పదిగంటలకు తెల్లబట్టల పెద్దమనిషి ఒకాయన ఎంక్వైరీ కిటికీల తలపెట్టి, "తిమోతి అంటే నువ్వేనా?" అని అడిగిండు. డెబ్బై దాటినయి. మనిషి నిటారుగ ఉన్నడు. "నేను రామకిషన్‌రావు."

తిమోతి లేచి నిలబడ్డడు. లేచినంక, ఎందుకు లేచిన అనుకున్నడు. పెద్దమనిషి అనాల్నా, సారు అనాల్నా, దొర అనాల్నా? కూసుందామంటే బాగుండది, నిలబడుదామంటే మోకాళ్లు. రావు సారే, "కూసో కూసో, నీ మోకాళ్ల సంగతి నెట్ల నీ పరిచయం పేజీల చదివిన" అన్నడు.

"చెప్పుండ్రి సారు."

"మీ అమ్మమ్మ ముచ్చట చదివినంక నేను నిద్రపోలే అని చెప్పను. నిద్రపోయిన. కానీ పొద్దున లేవంగనే అదే యాదికొచ్చింది." ఆయన కిటికీ చువ్వ పట్టుకున్నడు. "మా ఇంట్ల ఆడోళ్లు అనుకునేటోళ్లు, గట్టు మీద కడవలతోటి ఎవరెవరో నిలబడేటోళ్లని. ఎవరో అని అడుగలే నేను. గది చెప్పుదామని వచ్చిన."

"మంచిది సారు" అన్నడు తిమోతి. ఇంకేమన్న అనాలెనేమో. మాఫ్ చేసిన అనాల్నా? ఆ మాట అనేతందుకు తాను ఎవలు? శంకరవ్వ ఉంటే ఏమనేది?

రావు సారు పోబోయి ఆగిండు. "ఇంకొకటి. గోదారిగట్టు రాస్తలేదు. బాగనే ఉన్నదా ఆమె?"

తిమోతి తల ఎత్తిండు. గోదారిగట్టు ఆడామె అని పేజీల ఎక్కడా లేదు. తను చెప్పలే, ఆమె చెప్పలే. రావు సారు మొకంల ఏమన్న దొరుకుతదా అని చూసిండు. ఏమీ దొరుకలే. ఆయన ధర్మపురి బండి నిలిచే ప్లాట్‌ఫారం దిక్కు చూస్తున్నడు.

"బాగనే ఉన్నరు సారు" అన్నడు తిమోతి. అంటే తనకు తెలిసినట్టు ఒప్పుకున్నట్టేనా? నియమం తప్పిందా? తప్పిందో లేదో తేల్చుకునేలోపట రావు సారు గొడుగు ఇప్పుకొని ఎల్లిపోయిండు.

ఇంటికొచ్చి మగ్దలేనమ్మకు చెప్పిండు, ఈసారి కూడ పేర్లు లేకుంట. "తెలిసి అడిగిండా, తెల్వక నోరు జారిండా?"

"ఏదైతే ఏంది? బాగున్నదా అని అడిగిండు కదా. బాగున్నదని చెప్పినవ్ కదా. నీ బాధ ఏంది?"



మరునాడు శనివారం. పదకొండు గంటల యాళ్ల ఏడుమెట్లపల్లె పేజీల కొత్త మార్పు కనబడ్డది. చేసింది రామకిషన్‌రావు. మొట్టమొదటి వాక్యమే మార్చిండు: "ఏడుమెట్లపల్లె ఆదిలాబాద్ జిల్లాలోని గ్రామము."

తిమోతి కండ్లు తుడుచుకొని మల్ల చదివిండు. ఆ ఊర్లనే పుట్టిన మనిషి. ముప్పై ఏండ్లు సివిక్స్ చెప్పిన మనిషి. ఊరు కరీంనగర్ జిల్లాల ఉన్నదని ఆయనకు తెల్వదా?

ఇరవై నిముషాలు గడువలే, గోదారిగట్టు వచ్చింది. వాక్యం దిద్ది, చర్చా పేజీల రాసింది: "రావు గారూ, ఊరు జిల్లా మారిన సంగతి మాకు తెలియదు. మూలం ఉందా?"

రావు సారు పేజీ నిండా జవాబు రాసిండు. నిజాం కాలం నాటి తాలూకాలని, హద్దులని, గోదావరి ఒడ్డు ఊర్లని ఎటెటో తిప్పి రాసిండు. చదివితే ఏ ముక్క ఏ ముక్కకు అతుకుతలేదు. ఆఖర్ల, "మీ అభిప్రాయము సవిస్తరముగా తెలుపగలరు" అని ఉన్నది. ఆమె సవిస్తరంగనే మొదలుపెట్టింది.

తెలిసి తెలిసి తప్పు రాసినోళ్లకు హెచ్చరిక పంపాలె. అది నిర్వాహకుని పని. తిమోతి "రామకిషన్‌రావు గారికి హెచ్చరిక" అని కొట్టిండు, ఆగిండు. చేసింది తప్పే. పేజీకి నష్టం ఇరవై నిముషాలు, అంతే. కానీ రేపు ఇంకొకడు ఇట్లనే చేస్తే వానికి ఏ మొకం పెట్టి చెప్తడు? కొట్టిన మాటలు చెరిపిండు. మల్ల కొట్టిండు. కిటికీ బయట ఒక ముసలాయన వేములవాడ బండి ఎప్పుడని రెండోసారి అడుగుతున్నడు. తిమోతి ఫోన్ బోర్లేసి, "ప్లాట్‌ఫారం ఆరు, పెద్దయ్యా, ఇంకో పావుగంటల" అన్నడు.

ఆ హెచ్చరిక ఇప్పటిదాంక పంపలే. పంపాలెనా వద్దా అన్నది కూడ ఆయన ఇంకా తేల్చుకోలే.